బోర్లించిన ముక్కలు

మొన్న వంటింట్లో కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన పని అయ్యాక నా బల్ల దగ్గర ఆగాడు. డైరీ పక్కన ఉన్న చెక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మస్తుంది సార్. ఫోన్ స్టాండా?"

"కాదు."

"మరేందిది?"

చెప్పడం మొదలుపెడితే ఆయన భోజనం వేళ దాటిపోతుంది. "పేకముక్కలు నిలబెట్టుకునే చెక్క" అని ఊరుకున్నాను. ఆయన నా చేతుల వంక చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి కదా, ఈయనకు ఇదెందుకు అన్నట్టు. నవ్వి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

జానెడు పొడవు టేకు చెక్క అది. పైన పొడవునా ఒక గాడి. ముక్కలు ముందుకు తూలకుండా ఆ గాడిని కొంచెం వెనక్కి వాల్చి కోశారు. అంచులు గరుకుకాగితంతో ఎంత రుద్దారంటే, చీకట్లో తడిమితే సబ్బుబిళ్ల అనుకుంటాం. ఇలాంటివి నాలుగు చేసిన మనిషి పోయి ఈ వానాకాలానికి ఏడాది దాటింది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. నా డైరీల్లోనూ రాయలేదు. మొదట్లో ఒకసారి నేను రాసుకుంటుంటే భుజం మీదుగా చూసి, "పేరెందుకు డైరీ సాబ్? డ్యూటీ రాయి, చాలు" అన్నారు. అప్పటినుంచి నా డైరీల్లో ఆయన గార్డు గారే.

రైలు గార్డు. బండి చివరి డబ్బాలో ఒక్కరే ఉండి, పచ్చజెండా ఊపి, బండిని కదలనిచ్చే ఉద్యోగం. నేను అదే రైల్వేలో టైంటేబుళ్ల విభాగంలో గుమాస్తాగా పనిచేశాను. నేను కాగితం మీద వేసిన వేళల్ని ఆయన పట్టాల మీద మోశారన్నమాట. కానీ మా పరిచయం ఇద్దరం రిటైరయ్యాకే, మెట్టుగూడలో పక్కపక్క వీధుల్లో స్థిరపడ్డాకే.

ఆయన తన ఇంటి గేటు దాటేముందు కూడా కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి మెడ చాచి చూసేవారు. బండి చివరి డబ్బాలోంచి అలా చూసి చూసి, ఆ అలవాటు మెడకు పట్టేసింది. చూపు అమోఘం. డెబ్బై దాటినా వీధి మలుపులో ఉన్న బస్సు నంబరు నాకంటే ముందు చెప్పేవారు. నేను కళ్లద్దాలు తుడుచుకునే లోపల, "మనది కాదు, కూసో" అనేవారు.

ఆయన తాతలది గుంటూరు వైపు. తండ్రి మిషన్ బడిలో ఉద్యోగం వచ్చి సికింద్రాబాదు చేరారు. అందుకని గార్డు గారి దగ్గర రెండు తెలుగులు ఉండేవి. ప్రార్థన చేస్తే "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ కృపాసనము యొద్దకు" అంటూ తాతల తెలుగు. పేక చేతిలో పడితే "అరె, జెర జల్ది ఎయ్యి భాయ్" అంటూ పట్టాల పక్కన పెరిగిన తెలుగు. ఒకదాన్లోకి ఇంకోటి ఎప్పుడూ రానిచ్చేవారు కాదు.

ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నరకు ఆయన ఇంటి ముందుగదిలో మేం నలుగురం పోకర్ ఆడేవాళ్లం. మా తరంలో అందరూ రమ్మీ ఆడితే ఈయన పోకర్ ఎక్కడ నేర్చారంటే, బండి దిగిన సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో. వయసులో ఉన్నప్పుడు ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు నేర్పాడట. ఆయన మాకు నేర్పారు. తలా అయిదు ముక్కలు. అక్కరలేనివి ఒకసారి మార్చుకోవచ్చు. తర్వాత పందెం పెంచుకుంటూ పోవాలి. నా వల్ల కాదనుకున్నవాడు 'ప్యాక్' అని ముక్కలు బోర్లించి తప్పుకోవాలి. అందరూ తప్పుకుంటే మిగిలినవాడు ముక్కలు చూపించకుండానే గెలుస్తాడు. చేతిలో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు కూర్చోవడంలోనే ఉంది ఆటంతా.

పందెం చింతగింజలు. బిస్కెట్ల డబ్బాలోంచి తలా ఒక గుప్పెడు తీసుకోవడం, తొమ్మిదింటికి గార్డు గారు విజిల్ ఊదగానే మళ్లీ డబ్బాలో పోసేయడం. ఎవరి గెలుపూ ఇంటిదాకా వెళ్లేది కాదు.

మా నలుగురిలో మూడోవారు సుగుణ టీచరు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గార్డు గారి చర్చిలోనే పాటల బృందంలో ఉన్నారు. మొదటి శనివారం చింతగింజలు చేతిలోకి తీసుకుంటూ ఆవిడ భయంభయంగా అడిగిన మాట నా డైరీలో ఉంది.

"పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారండీ?"

"ఏమంటరు టీచరమ్మా? చింతగింజలకు పాపం అంటదు."

"పేకకు అంటుతుందిగా."

"మరి మీరు గెలవకండి. పాపం గెలిచినోడికే."

ఆ సాయంత్రం ఆవిడ అందరినీ ఊడ్చేశారు. గార్డు గారు విజిల్ ఊది, "రేపు చర్చిల ముందు బెంచీల కూసోండి టీచరమ్మా, మీకే అవసరం" అన్నారు.

ఆయన ముఖంలో ఏమీ చదవలేకపోయేవాళ్లం. మంచి ముక్కలు వస్తే నీళ్లు తాగుతారని నేను నెల రోజులు గమనించి రాసుకున్నాను. ఆ సంగతి టీచరుగారి చెవిన కూడా వేశాను. ఆ తర్వాత ఒక శనివారం ఆయన గ్లాసెత్తి గటగటా తాగగానే ఇద్దరం ప్యాక్ చేశాం. ఆయన గ్లాసు దించి, "డైరీ సాబ్, నీళ్లు సుత రాస్తున్నవా?" అని అడిగారు. అప్పటినుంచి ఆ గ్లాసును నమ్మడం మానేశాం.

ఆయన ఇంట్లో ఒకే ఒక్క కఠినమైన నియమం ఉండేది. బోర్లించిన ముక్క ముట్టకూడదు. ఆట అయిపోయాక కూడా 'నీ దగ్గర ఏముండె?' అని అడగకూడదు. ప్రతి ఆటా రాసుకునే నాకు ఇది ప్రాణం మీదకొచ్చేది. ఎవరు గెలిచారో రాసి, ఏ ముక్కలతో అన్నచోట 'తెలియదు' అని రాయాల్సి వచ్చేది. పేజీ నిండా 'తెలియదు'లే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆయన ముక్కలు కలుపుతూ, తల ఎత్తకుండా అన్నారు:

"బండి ప్లాట్‌ఫారం దాటినంక టికెట్ అడగొద్దు."

నాలుగో మనిషి మల్లేశం. సీతాఫల్‌మండిలో దర్జీ. గార్డు గారి తెల్ల యూనిఫారాలన్నీ ఆయనే కుట్టాడు. మాలో అందరికంటే గట్టిగా నవ్వేదీ, అందరికంటే ముందు దొరికిపోయేదీ ఆయనే. రెండు రాజులు వస్తే చాలు, మీసం దానంతట అదే లేచేది. "మల్లేశం మీసం సిగ్నల్ ఇచ్చింది, ఆగుండ్రి" అనేవారు గార్డు గారు. మల్లేశం మీసం మీద చెయ్యి వేసుకుని, "గిట్లయితే రేపు దీన్ని తీపిచ్చుకొస్త" అని బెదిరించేవాడు.

ఒక ఎండాకాలం మల్లేశానికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట ముద్దగా, ఒక్కొక్కటిగా వచ్చేది. కొన్ని నెలలకు కర్ర పట్టుకుని నడవగలిగాడు కానీ ఇల్లు కదిలేవాడు కాదు. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. గార్డు గారు ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్లి, ఆ వీపు ఎదుట ఒక గంట కూర్చుని వచ్చేవారు. శనివారాలు ఆగిపోయాయి. ముగ్గురం ఆడుకోవచ్చు కదా అని నేనంటే, "మూడు డబ్బాలు పోయినయ్ అని నాలుగోదాన్ని యార్డుల ఇడిచిపెడ్తమా?" అన్నారు.

ఒకసారి ఆ వీపు మాట్లాడిందట. "చెయ్యి లేదు... ముక్కలు... ఎట్ల వట్టుకోవాలె?"

తర్వాత రెండు వారాలు గార్డు గారు ఎవరికీ కనిపించలేదు. నేను వెళ్లేసరికి వరండా నిండా చెక్కపొట్టు. పాత కిటికీ రెక్క ఒకటి కోస్తున్నారు. ఏమిటని అడిగితే, "శనివారం రా, చెప్తా" అన్నారు.

శనివారం ఆయనే ఆటో తీసుకుని వెళ్లి మల్లేశాన్ని తెచ్చారు. ఎలా ఒప్పించారో తెలియదు. మల్లేశం తలవంచుకుని, మూతి మీద తువ్వాలు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు. బల్ల మీద ఒక్కొక్క కుర్చీ ముందూ ఒక చెక్క ఉంది. నాలుగు చెక్కలు.

తెలివితక్కువ మాట నా నోటినుంచే వచ్చింది. "నాకెందుకండీ? నేను చేత్తో పట్టుకోగలను."

గార్డు గారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"డైరీ సాబ్, కొత్త పేక కొన్న. చేతిల పట్టుకుంటే చెమట అంటుతది. ఇగ నుంచి ఈ ఇంట్ల ఎవ్వరూ ముక్కలు చేతిల పట్టుకోవద్దు. ఇష్టం లేకుంటే ఇంటికి పో."

సుగుణ టీచరు వెంటనే తన చెక్కను ముందుకు జరుపుకున్నారు. "హాయిగా ఉంది గార్డు గారూ. నాకు కీళ్లనొప్పులు" అన్నారు. ఆవిడకు కీళ్లనొప్పులు లేవు.

ముక్కలు పంచారు. ఎవరం మల్లేశం ముఖం వైపు చూడటం లేదు. చూడటం లేదని ఆయనకూ తెలుస్తోంది. గార్డు గారు ఒక్కరే ముక్కలు సర్దుకుంటూ ఆయన్ని తేరిపార చూసి, పెద్దగా నిట్టూర్చారు.

"ఏందీ మల్లేశం! ముందుగాల రెండు రాజులొస్తే నీ మీసం లేస్తుండె. ఇప్పుడేం కనవడ్తలేదు. పోకరుకు అసలైన మొహం నీకొచ్చింది. మేం మునిగినం పో."

మల్లేశం భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వు. మూతికి కుడిపక్క మాత్రమే నవ్వు. తువ్వాలు తీసి పెదవి తుడుచుకుని, దాన్ని కుర్చీ వెనక వేసేశాడు. మళ్లీ మూతికి అడ్డం పెట్టుకోలేదు.

అలా శనివారాలు మళ్లీ నడిచాయి. మల్లేశం తన ఎడమచేతిని కుర్చీ చేతి మీద ఆనించి, కొంచెం వాలుగా కూర్చునేవాడు. చెక్కను తన కుడివైపుకు జరుపుకునేవాడు. ఆయన వెనక గార్డు గారి ఉక్కు బీరువా. ఎదురుగా గార్డు గారు.

రెండు నెలలు గడిచాక, అలవాటు కొద్దీ డైరీ వెనక్కి తిప్పుతుంటే నాకొకటి కనబడింది. నేనూ టీచరుగారూ తప్పుకుని వాళ్లిద్దరే మిగిలినప్పుడల్లా గార్డు గారు ప్యాక్. ప్రతిసారీ. మల్లేశం మీద ఆయన ఒక్క ఆటా గెలవలేదు. జాలి అనుకున్నాను, మంచిదే అనుకున్నాను, పేజీ మూసేశాను. నేను రాసి తెలుసుకున్నదాన్ని మల్లేశం రాయకుండానే తెలుసుకున్నాడు. బతుకంతా కొలతలు తీసినవాడు, ఎక్కడ తేడా ఉందో ఆయనకొకరు చెప్పాలా?

ఒక శనివారం వాళ్లిద్దరే మిగిలారు. మల్లేశం తన ముందున్న గింజలన్నీ మధ్యకు తోసేశాడు. గార్డు గారు కుడికీ ఎడమకూ చూసి, ముక్కలు బోర్లించారు.

"ప్యాక్."

మల్లేశం కుడిచెయ్యి బల్ల మీదుగా పోయి, ఆ బోర్లించిన ముక్కల్ని పట్టుకుని తిప్పేసింది. మూడు రాజులు, రెండు పదులు. అంతకంటే గొప్ప ముక్కలు మా బల్ల మీద ఎప్పుడో కానీ పడవు. తర్వాత తన ముక్కలు కూడా వెల్లకిలా విసిరాడు. జత కూడా లేదు. అన్నిటికంటే పెద్దది తొమ్మిది.

"నా తాన... ఏం లేదు. నీ తాన... ఇది. ప్యాకా?"

గార్డు గారు తన ముక్కల్ని మళ్లీ బోర్లించబోయారు.

"బిచ్చపోణ్ణా... నేను?"

"మల్లేశం, జెర ఇను..."

"నీ ఇంటి... రూలు... నువ్వే ఉంచుకో."

కర్ర తీసుకుని లేచాడు. టీచరుగారు పట్టుకోబోతే విదిలించాడు. గేటు బయటదాకా ఒక్కడే నడిచి, ఆటో ఆపి ఎక్కాడు. ఆటో మలుపు తిరిగి చాలాసేపైనా గార్డు గారు గేటు పట్టుకుని, మెడ చాచి, వీధి చివరివైపే చూస్తూ నిలబడ్డారు. తొమ్మిదయింది. ఆ రోజు విజిల్ లేదు.

తెల్లారి ఆదివారం, నేను పళ్లు తోముకుంటుండగా వచ్చి తలుపు కొట్టారు. చర్చి బట్టల్లో లేరు. "సీతాఫల్‌మండికి రా నాతో. ఒక్కణ్నే పోతే తలుపు తియ్యడు."

మల్లేశం తలుపు తీశాడు. కూర్చోమనలేదు. గార్డు గారు నిలబడే చెప్పారు.

"నీ ముక్కలు నాకు కనవడ్తయ్ మల్లేశం."

"ఏం?"

"నీ ఎనక బీరువా ఉంది గద. దాని అద్దంల. చెక్క కుడి దిక్కు పెట్టుకుంటవ్, నీ ముక్కలన్నీ అండ్ల సాఫ్ కనవడ్తయ్. మొదటి దినం నుంచి. చూడొద్దనుకుంట, కళ్లు ఊకోవు. చూసినంక ఆడితే దొంగతనం. అందుకే ప్యాక్ చేసిన. జాలిపడి కాదు."

మల్లేశం కర్రను నేలకు గట్టిగా ఆనించాడు. "చెప్పలే... ఎందుకు?"

"చెప్తే చెక్కలల్ల తప్పున్నదని తీసేస్తరు. వీళ్లందరు మళ్ల చేతులల్ల పట్టుకుంటరు. నీ ఒక్కని ముంగటనే చెక్క మిగులుతది. అప్పుడు నువ్వు రావు."

నాకు అప్పటిదాకా ఈ సంగతి తెలియదు. గార్డు గారి పక్కనే కూర్చునేవాణ్ణి. నా కళ్లద్దాలకు ఆ అద్దంలో మల్లేశం వీపు తప్ప ఏదీ కనిపించలేదు. మల్లేశం కింద పెదవి కొరుకుతూ ఏదో లెక్కవేసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క మాటే కూడదీసుకున్నాడు.

"అద్దానికి... బట్ట... కప్పరాదూ?"

గార్డు గారు నావైపు చూశారు. నేను సాయం చేయలేకపోయాను. నాకూ అప్పుడే తట్టింది.

"తట్టలే" అన్నారు చివరికి.

మల్లేశం భుజాలు ఊగడం మొదలైంది. "ఇన్నేండ్లు... బండి... నువ్వే నడిపినవా?"

"నడిపింది డ్రైవరు. నేను ఎనక కూసున్న."

ముగ్గురం ఎంతసేపు నవ్వామో చెప్పలేను. మల్లేశం కళ్లు తుడుచుకుని, కుర్చీ చూపించాడు. గార్డు గారు కూర్చున్నాక, వేలు ఆడిస్తూ హెచ్చరించాడు.

"మళ్ల... ప్యాక్ చేస్తే... రాను."

"చెయ్య. నిన్ను ముంచుత."

"ముంచు."

గార్డు గారి మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు కూడా ఇందులోనే ఉంది. బండి చివర ఒంటరిగా కూర్చుని, ఎవర్నీ అడగకుండా నిర్ణయాలు తీసుకునే ఉద్యోగం ఆయనది. మన మంచి కూడా మనల్ని అడగకుండానే చేసేవారు. అడిగి ఉంటే అరగజం గుడ్డతో పోయేది. కానీ చూసిన ముక్కలతో ఆడకూడదని రెండు నెలలపాటు ప్రతి శనివారం ఓడిపోవడం, జాలిపడుతున్నాడన్న పేరు మోస్తూ కూడా నోరు విప్పకపోవడం నాకు చేతకాదు. నేనైతే మొదటి రోజే డైరీలో రాసుకుని, రెండోరోజు చెప్పేసేవాణ్ణి.

తర్వాతి శనివారం బీరువా అద్దం మీద ఆయన పాత ఎర్రజెండా వేలాడుతోంది. నాలుగు మూలలా బట్టలారేసే క్లిప్పులు. ఎనిమిది కాకముందే గార్డు గారు మల్లేశం ముందు ఒక్క చింతగింజ లేకుండా ఊడ్చేశారు. "ఎట్లుంది?" అని అడిగితే, మల్లేశం ఖాళీ బల్లను అరచేత్తో తడిమి, "మంచిగున్నది" అన్నాడు. పెళ్లిలో భోజనం చేసినవాడి ముఖం అది.

నెల తర్వాత మల్లేశం సంచిలోంచి ఒక నీలం గుడ్డ తీశాడు. అద్దం కొలతకు సరిపోయే తెర. పక్షవాతం వచ్చాక ఆయన మిషను ముందు కూర్చుని కుట్టిన మొదటి కుట్టు. అంచులు అష్టవంకర్లు. నేనూ టీచరుగారూ ఎంత బాగుందో అనడానికి నోరు తెరిచేలోపల గార్డు గారు దాన్ని లైటు కింద పట్టుకున్నారు.

"ఏం కుట్టు ఇది టైలర్ సాబ్? పాము తాగి పోయినట్టున్నది."

"జెండా కన్న... నయమే" అన్నాడు మల్లేశం. మీసం కుడివైపు లేచింది.

ఎర్రజెండా మడిచి లోపల పెట్టారు. ఆ తెర ఆ బీరువాకు అలాగే ఉండిపోయింది.

కిందటి వానాకాలం గార్డు గారి గుండె నీరసించింది. బొల్లారంలో ఉండే కూతురు వచ్చి ఆసుపత్రిలో చేర్చింది. శనివారం నేనూ టీచరుగారూ వెళ్లేసరికి మంచం పక్క మల్లేశం ఉన్నాడు. సీతాఫల్‌మండి నుంచి ఒక్కడే ఆటోలో వచ్చాడట. ఒళ్లో సంచి. అందులో పేక, మందుల డబ్బాలో చింతగింజలు, నాలుగు చెక్కలు. ముందుగా గార్డు గారి ఇంటికి పోయి అవన్నీ తెచ్చాడన్నమాట.

"సిస్టర్ను... అడిగిన. అరగంట."

గార్డు గారి ఎడమచేతికి సెలైన్ సూది. మంచం మీద అన్నం పెట్టే బల్లను దగ్గరికి లాగి, ఆయన చెక్కను కుడిపక్కన పెట్టాం. మల్లేశం ముక్కలు పంచాడు. ఒంటిచేత్తో పంచడం అప్పటికి బాగా వచ్చేసింది. అందరం ముక్కలు గాడిలో నిలబెట్టుకున్నాం. మల్లేశం గార్డు గారి తల వెనక్కి చూసి, చటుక్కున ఆగిపోయాడు.

అక్కడ పెద్ద కిటికీ. బయట చీకటి పడింది, లోపల లైటు. గాజులో గది మొత్తం కనిపిస్తోంది.

మల్లేశం కర్ర పట్టుకుని లేచాడు. మంచం చుట్టూ నడిచి, కిటికీ తెర పట్టుకుని లాగాడు. సగంలో ఇరుక్కుంది. కర్రను గోడకు ఆనించి, మళ్లీ గుంజాడు. తెర పూర్తిగా మూసుకున్నాక వచ్చి కూర్చున్నాడు.

"అద్దం" అన్నాడు.

గార్డు గారు ఆయన్ని చూసి, పరుపు మీద ఆనించిన కుడిచేతిని మణికట్టు దగ్గర మెల్లగా ఊపారు. ఆ ఊపు మా అందరికీ తెలుసు. బండి పోవచ్చు.

మల్లేశం ఆయన్ని ఏమాత్రం వదల్లేదు. రెండు ఆటలు వరుసగా గెలిచాడు. మూడో ఆటలో నేనూ టీచరుగారూ తప్పుకున్నాం. గార్డు గారు దిండు మీదే తల కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిప్పి, మిగిలిన గింజలన్నీ ముందుకు తోశారు. తర్వాత నీళ్లు కావాలన్నారు. టీచరుగారు చెంచాతో పట్టారు. నీళ్లు చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది, కానీ ముఖం మీదికి రానివ్వలేదు.

మల్లేశం ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తన అయిదు ముక్కలూ తీసి, దుప్పటి మీద బోర్లించాడు.

"ప్యాక్."

"నిజంగనా?" అన్నారు గార్డు గారు.

"నిజంగ. భయమైంది."

గార్డు గారి చూపు ఆ బోర్లించిన ముక్కల మీద నిలిచింది. చెయ్యి చాస్తే అందుతాయి. ఒకప్పుడు ఇలాంటి ముక్కల్నే మల్లేశం లాక్కుని తిప్పేశాడు. ఇప్పుడు వంతు ఈయనది. గార్డు గారి వేళ్లు కొంచెం కదిలాయి. కదిలి, గింజల్ని దగ్గరికి లాక్కున్నాయి.

"ముంచిన" అన్నారు. కళ్లు మూసుకున్నారు.

నిద్రపోయారు. ఆయన చెక్క మీద అయిదు ముక్కలూ ఆయనవైపు తిరిగి నిలబడే ఉన్నాయి. మావైపు వాటి వీపులు. సిస్టర్ వచ్చి టైమయిందంది. నేను లేచి మంచం అవతలివైపు ఒక్క అడుగు వేస్తే కనిపిస్తాయి. వేద్దామనే లేచాను. మల్లేశం ఈలోపల ఆ ముక్కల్ని వెనకవైపు నుంచే పట్టుకుని గాడిలోంచి లాగాడు. తన ముక్కల మీద బోర్లించాడు. మిగతా పేకతో చేర్చి, దుప్పటి మీదే ఒంటిచేత్తో కలిపేశాడు. బాగా కలిపాడు.

కారిడార్‌లో నడుస్తూ అడిగాను. "మల్లేశం, నీ దగ్గర నిజంగా ఏముండె?"

ఆయన కర్ర ఆపి, నావైపు తిరిగాడు. ఆ ముఖంలో నాకేమీ కనబడలేదు.

"బండి... ప్లాట్‌ఫారం... దాటింది."

సోమవారం ఉదయం గార్డు గారు పోయారు. తర్వాత కూతురు పిలిచి చెక్కలు తలా ఒకటి తీసుకోమంది. నాది ఈ బల్ల మీద ఉంది.

నిన్న ఆ శనివారం డైరీ తీసి చూశాను. 'మూడో ఆట. గెలుపు: గార్డు గారు' అని ఉంది. దాని కింద 'ఆయన ముక్కలు' అని ఒక వరస, 'మల్లేశం ముక్కలు' అని ఇంకో వరస. మామూలుగా అలాంటిచోట 'తెలియదు' అని రాసేవాణ్ణి. ఆ రెండు వరసల్లో ఆ మాట కూడా రాయలేదు.